కుక్కకు నట్టలు, పిడుదులు, పిడుదు జ్వరం: ఇంట్లో ఏ వరుసలో ఏం చేయాలి

వరంగల్, హనుమకొండ, పరకాల, జనగామ వైపు కుక్కల్ని పెంచుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. "నట్టలకు ఏ మాత్ర వేయాలి?", "గోమార్లకు ఏ మందు కొట్టాలి?" మందు పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే మూడు నెలల్లో అదే ప్రశ్న మళ్ళీ వస్తోంది. మనం మందు వేసేది కుక్కకు. పురుగు గుడ్లు ఉండేది పెరటి మట్టిలో, పిడుదు పిల్లలు దాగేది గోడ సందుల్లో. కుక్కకూ, అది పడుకునే చోటుకూ ఒకే వారంలో వైద్యం జరగాలి. అందుకే ఈ మార్గదర్శిలో మందుల పేర్ల కన్నా చేసే వరుసకే ఎక్కువ చోటిచ్చాను.

నట్టలంటే కుక్క పేగుల్లో ఉండే పురుగులు. ఒంటికి పట్టి రక్తం తాగే పురుగుకు గోమారి, పిడుదు అని రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. ఇక్కడ పిడుదు అనే రాస్తున్నాను.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కుక్క సరైన బరువు, కాగితం మీద రాసి
- కొన సన్నగా ఉన్న పట్టుకారు, రబ్బరు తొడుగులు
- మూత గట్టిగా పడే చిన్న సీసాలో సగానికి స్పిరిట్
- డిజిటల్ థర్మామీటర్ (కుక్కకు వేరేది), కొంచెం వ్యాజిలైన్
- సూది లేని 10 మి.లీ. సిరంజి
- ఒక నోటు పుస్తకం

బరువు కళ్ళతో అంచనా వేయకండి. మందు మోతాదు తప్పడానికి మొదటి కారణం ఇదే. మనుషులు తూగే యంత్రం మీద కుక్కను ఎత్తుకుని నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి, తేడా రాసుకోండి. చిన్న కుక్కపిల్లలైతే సంచిలో పెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూయవచ్చు. మందు వేసే ప్రతిసారీ కొత్తగా తూయాలి. ఎదిగే పిల్ల బరువు రెండు వారాల్లోనే చాలా మారిపోతుంది.

2. పది నిమిషాల పరీక్ష

మందు కొనే ముందు కుక్కను వెలుతురులో పడుకోబెట్టి నిదానంగా చూడండి.

పై పెదవిని బొటనవేలితో ఎత్తండి. చిగుళ్ళు లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అప్పుడు కింది కనురెప్పను కొద్దిగా లాగి లోపలి పొర రంగు చూడండి. అది సున్నం కొట్టినట్టు ఉంటే రక్తం తగ్గిపోయిందని అర్థం. ఆ రక్తం పేగులోని కొంకి పురుగులు తాగినా కావచ్చు, పిడుదు కాటుతో వచ్చే పిడుదు జ్వరం వల్ల పోయినా కావచ్చు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఈ రెండు జబ్బుల గురించీ ఒకేచోట రాస్తున్నాను.

తర్వాత చెవిని వెనక్కి మడవండి. లోపలి మడతల్లో మొదట కనిపించేవి మట్టి రేణువుల్లాంటి చుక్కలు. కాసేపు కళ్ళు ఆనించి చూస్తే వాటిలో కొన్ని కదులుతాయి. అవి పిడుదు పిల్లలు. వాటికన్నా పెద్దవి నువ్వుగింజంత ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు బూడిద రంగులో, ఆముదం గింజలా నున్నగా ఉంటుంది.

వెతకవలసిన చోట్లు:

- చెవి లోపల, చెవి అంచుల వెంట
- కాలివేళ్ళ మధ్య (ఇక్కడే ఎక్కువమంది చూడరు)
- మెడపట్టీ కింద
- చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో
- కనురెప్పల, పెదవుల అంచుల్లో

చివరగా పొట్ట మీద వెంట్రుకలు పలచగా ఉన్నచోట చూడండి. సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలుండి, వేలితో నొక్కినా చెరగకపోతే అది చర్మం కింద రక్తం చిమ్మిన గుర్తు. ఇక ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి బయలుదేరండి.

థర్మామీటరు కొనకు వ్యాజిలైన్ రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడి. 103 దాటితే జ్వరమే. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తెలియదు.

3. ఏ పురుగో గుర్తుపట్టడం

ఏలిక పాములు కుక్కపిల్లల్లో ఎక్కువ. తెల్లగా, సేమియాలా పొడవుగా మలంలోనో వాంతిలోనో పడతాయి. పిల్ల పొట్ట కుండలా ఉబ్బి, వెన్ను ఎముకలు తేలి ఉంటుంది. ఇవి తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి, పాల ద్వారా కూడా వస్తాయి. "మా పిల్ల ఇంట్లోంచి అడుగు బయటపెట్టలేదు, నట్టలెలా వచ్చాయి?" అని అడిగేవారికి జవాబు ఇదే.

కొంకి పురుగులు కంటికి దాదాపు కనిపించవు. పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంది. వీటి పిల్లలు తడిమట్టిలో ఉండి కుక్క పాదాల చర్మంలోంచి కూడా లోపలికి పోతాయి. చిన్న కుక్కపిల్లల ప్రాణాలు తీసేవి ఎక్కువగా ఇవే.

బద్దె పురుగు ముక్కలు మలద్వారం చుట్టూ, పక్కగుడ్డ మీద బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. తాజాగా ఉంటే కదులుతాయి, ఎండితే దోసగింజల్లా అంటుకుని ఉంటాయి. వెంట్రుకల మధ్య గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న పురుగును కుక్క కొరికి మింగినప్పుడు ఇది వస్తుంది. ఫ్లీలు పోకుండా మాత్ర ఒక్కటే వేస్తే బద్దె పురుగు మళ్ళీ వస్తుంది.

కొరడా పురుగులు పెద్ద పేగులో ఉంటాయి. జిగురుతో, అప్పుడప్పుడు రక్తపు చారలతో విరేచనాలు అవుతుంటాయి.

మల పరీక్షకు కష్టపడనక్కరలేదు. ఉదయం పడిన తాజా మలాన్ని చెంచాడు తీసి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో అదే పూట పశువైద్యశాలకు ఇవ్వండి. మట్టి అంటని భాగమే తీయాలి. మట్టిలో ఉండే పురుగులు కలిసి ఫలితం తప్పుతుంది. బద్దె పురుగు చాలాసార్లు ఈ పరీక్షకు దొరకదు కాబట్టి గింజలు కనిపిస్తే ఫోనులో ఫోటో తీసి చూపించండి. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. మీకు దగ్గరైతే కుక్కల్ని చూసే రోజులు, వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి.

4. నట్టల మాత్ర వేసే క్రమం

కుక్కపిల్లలకు 2, 4, 6, 8 వారాల వయసులో, తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి. పెద్దవాటికి మూడు నెలలకోసారి. పిల్లలకు వేసే రోజే పాలిచ్చే తల్లికీ వేయాలి. తల్లిని వదిలేస్తే పిల్లలకు వేసిన మందు వృథా. చూలుతో ఉన్న కుక్కకు ఏ మందు, ఏ రోజు నుంచి అన్నది డాక్టరే చెప్పాలి.

సాధారణంగా వాడే మందులు ఇవి. ఏలిక పాములకు, కొంకి పురుగులకు పైరాంటెల్. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు 5 మి.గ్రా. కొరడా పురుగులతో సహా చాలావాటికి ఫెన్‌బెండజోల్, కిలోకు 50 మి.గ్రా. చొప్పున వరుసగా మూడు రోజులు. దుకాణాల్లో దొరికే మిశ్రమ మాత్రల్లో చాలావరకు 10 కిలోలకు ఒకటి చొప్పున తయారైనవే. అయినా అట్ట మీద చదివి, మీ కాగితం మీది బరువుతో సరిచూసుకోండి.

వేసే విధానం:

1. ఉడికించిన గుడ్డు ముక్కలోనో కోడిమాంసం ముక్కలోనో మాత్ర దాచండి. ముందు మాత్ర లేని ముక్క, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మళ్ళీ మాత్ర లేనిది ఇవ్వండి.
2. నోరు మూసి పట్టుకుని గొంతును కిందికి నిమరండి. ముక్కు నాకిందంటే మింగినట్టే.
3. అరగంట గమనించండి. వాంతిలో మాత్ర కనిపిస్తే డాక్టరుకు ఫోను చేసి అడిగాకే మళ్ళీ వేయండి.
4. తేదీ, బరువు, మందు పేరు పుస్తకంలో రాయండి.
5. రెండు మూడు వారాలకు రెండో మోతాదు. మొదటిసారి ఒంట్లో తిరుగుతున్న పురుగు పిల్లలు ఈలోగా పేగుకు చేరతాయి. ఈ రెండో మోతాదే చాలామంది మరిచిపోతారు.

మందు వేసిన మర్నాడు పురుగులు పడితే భయపడకండి. ఏమీ పడకపోయినా మందు పనిచేయలేదని కాదు, చాలా పురుగులు లోపలే జీర్ణమైపోతాయి.

5. నట్టల విషయంలో పొరపాట్లు

*గొర్రెలకు తాగించే నట్టల మందు కుక్కకు పోయడం.* మందలున్న ఊళ్ళలో ఇది మామూలు. సీసా ఇంట్లో ఉంటుంది, ఒక మూతెడు పోస్తారు. ఆ మందుల్లో కొన్నింట్లో ఉండే క్లోజాంటెల్ కుక్క చూపు పోగొట్టగలదు. ఆల్బెండజోల్ మోతాదు మీరితే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. దయచేసి పోయకండి.

*దసరాకో, బోనాలకో యాటను కోసినప్పుడు పచ్చి పేగులు, ఊపిరితిత్తులు కుక్కకు వేయడం.* గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు ఉంటే వాటిలో ఒక రకం బద్దె పురుగు పిల్లలుంటాయి. అవి కుక్క పేగులో పెద్దవవుతాయి, గుడ్లు మలంతో బయటపడతాయి, ఆ గుడ్లు మన నోట్లోకి పోతే మన కాలేయంలోనూ అవే తిత్తులు పెరుగుతాయి. వేయాలంటే బాగా ఉడికించి వేయండి. తిత్తులున్న భాగాన్ని కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చండి. పచ్చి మాంసానికి అలవాటుపడ్డ కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఆరు వారాలకోసారి అవసరమవుతుంది.

*రక్త విరేచనాలన్నీ నట్టలే అనుకోవడం.* టీకా వేయని కుక్కపిల్ల రక్తంతో విరేచనాలు, వాంతులు చేసుకుంటుంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. నట్టల మాత్ర వేసి ఒక రోజు చూద్దాం అనుకునే వ్యవధి అందులో లేదు.

*పెరడును వదిలేయడం.* ఏలిక పాము గుడ్డు మట్టిలో కొన్ని వారాలకు అంటుకునే స్థితికి వస్తుంది, ఆపై ఏళ్ళ తరబడి బతుకుతుంది. కొంకి పురుగు పిల్లలు వానాకాలపు తడిలో వారంలోపే సిద్ధం. కాబట్టి మలాన్ని ఏరోజుకారోజు తీసి పూడ్చాలి. కుక్క తిరిగే చోట నీళ్ళు నిలవకుండా, ఎండ తగిలేలా చూడాలి. ఆ చోట మన పిల్లల్ని ఉత్తి కాళ్ళతో ఆడనివ్వకండి. కుక్క కొంకి పురుగు పిల్లలు మనుషుల చర్మంలో దూరి వంకర టింకర ఎర్రటి గీతలు, భరించలేని దురద తెస్తాయి.

6. పిడుదును తీసే పద్ధతి

1. తొడుగులు వేసుకోండి. వెంట్రుకలు పక్కకు తీసి చర్మం కనిపించేలా చేయండి.
2. పట్టుకారు కొనతో పిడుదు నోటిని, చర్మానికి ఆనుకుని పట్టుకోండి. పొట్టను నొక్కకూడదు.
3. తిప్పకుండా, కుదుపు లేకుండా నిదానంగా పైకి లాగండి. పది సెకన్లు పట్టినా ఫరవాలేదు.
4. స్పిరిట్ సీసాలో వేయండి. వేళ్ళతో నలపకండి, నేలమీద కాలితో తొక్కకండి.
5. కరిచిన చోట యాంటీసెప్టిక్ అద్దండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

నోటి ముక్క చర్మంలో ఉండిపోతే తవ్వవద్దు, దానంతటదే రాలిపోతుంది. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పూయడం, పొగాకు నీళ్ళతో కడగడం మానండి. కాలినా, కిరోసిన్ తగిలినా పిడుదు తన లాలాజలాన్ని కక్కుతుంది. క్రిములుండేది ఆ లాలాజలంలోనే. పొగాకులోని నికోటిన్ కుక్కకు విషం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కకు పట్టించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటివి చర్మంలోంచే ఒంట్లోకి పోతాయి. చొంగ కారడం, వణుకు, వాంతులు, ఊపిరాడకపోవడం గంటల్లో మొదలవుతాయి. ఇప్పటికే ఎవరైనా పట్టించి ఉంటే, మీరు తొడుగులు వేసుకుని కుక్కను సబ్బు నీళ్ళతో బాగా కడిగి, మందు సీసా వెంట తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

7. కుక్కకు మందు, ఇంటికి మందు: ఒకే వారంలో

ఇక్కడి కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమ రంగు పిడుదు. పిల్ల దశలో ఒకసారి, నడి దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందికి దిగి సందుల్లో దాక్కుంటుంది. ఒక ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. మన ఎండల్లో ఈ చక్రం రెండు మూడు నెలల్లో తిరిగిపోతుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. కుక్క మీద మీకు కనిపించేవి కొన్నే, మిగతావి గోడల్లో ఉంటాయి.

కుక్కకు: మింగించే మందుల్లో ఫ్లూరాలనర్ దాదాపు 12 వారాలు, అఫోక్సొలానర్ నెల రోజులు పనిచేస్తాయి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలు నెలకోసారి. చుక్కలు వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. చుక్కలు వెంట్రుకల మీద కాకుండా చర్మం మీద పడాలి. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులు కుక్కకు వాడేముందు అడగండి, పిల్లికి అవి ప్రాణాంతకం. కుక్క జాతి తెలియకుండా పశువుల ఐవర్‌మెక్టిన్ సూది వేయించకండి. కోలీ వంటి జాతుల్లో, వాటి సంకరాల్లో అది మెదడుకు ఎక్కుతుంది.

మింగించే మందు ఇచ్చాక కూడా పిడుదు కరిచాకే చస్తుంది. జ్వరం కలిగించే క్రిమి మాత్రం కరిచిన కొన్ని గంటల్లోనే ఎక్కగలదు. అందుకని రోజూ సాయంత్రం చేత్తో వెతకడం మానకూడదు.

ఇంటికి:

- గోనె సంచి పక్కలు తీసేయండి. గుడ్డలను మరిగే నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేయండి.
- నులక మంచం కింద కుక్క పడుకుంటుంటే నులక ముడుల్లో, కోళ్ళ అతుకుల్లో టార్చి వేసి చూడండి.
- బండల మధ్య సందులు, రాతిగోడ పగుళ్ళు, తలుపు చట్రం వెనక సిమెంటుతో పూడ్చండి. ఈ పిడుదులు గోడలెక్కుతాయి కాబట్టి పైకప్పు దాకా చూడాలి.
- ఇళ్ళలో వాడటానికి తయారైన పైరిత్రాయిడ్ మందును సీసా మీద రాసినట్టు కలిపి సందుల్లో పిచికారీ చేయండి. ఆరేదాకా కుక్క, పిల్లి, కోళ్ళు దూరంగా ఉండాలి. చేపల తొట్టి దగ్గర అసలు కొట్టకండి.
- రెండు మూడు వారాల ఎడంతో కనీసం మూడుసార్లు. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు పొదిగే సమయం అదే.

8. పిడుదు జ్వరం

పిడుదు కాటుతో వచ్చే బాక్టీరియా జబ్బుల్లో ముఖ్యమైనది ఎర్లీషియా. అది తెల్లరక్తకణాల్లో కాపురం పెడుతుంది. అనాప్లాస్మా ప్లాటిస్ అనేది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోనే ఉంటుంది. కరిచిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం, తిండి మానడం, బిళ్ళలు కట్టడం, నీరసం మొదలవుతాయి. కొన్ని వాటంతటవే తగ్గినట్టు కనిపిస్తాయి. అదే మోసం. క్రిమి ఒంట్లో నెలలు, ఏళ్ళు దాక్కుని చివరికి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది.

మా కుక్క గంగకు మే నెలలో ముక్కు నుంచి రక్తం కారింది. వరండా బండ మీద రూపాయి బిళ్ళంత మూడు చుక్కలు. ఎండ వేడికి అనుకుని తల తడిపి, మజ్జిగ పోశాం. మూడో రోజుకు పొట్ట మీద ఎర్ర చుక్కలు వచ్చాయి. ముక్కు నుంచి రక్తం కారితే ఎండాకాలమైనా సరే, అదే రోజు రక్తపరీక్ష చేయించండి.

పరీక్షకు వెళ్ళినప్పుడు అడగవలసినవి:

- ప్లేట్‌లెట్లు ఎన్ని? (కుక్కకు సుమారు 2 నుంచి 5 లక్షలు ఉండాలి)
- రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి చూశారా? ప్లేట్‌లెట్లు గుంపులు కడితే యంత్రం తక్కువ చూపుతుంది.
- బబేసియా కూడా ఉందా?

మూడో ప్రశ్న వదలకండి. బబేసియా బాక్టీరియా కాదు, ఎర్రకణాలను పగలగొట్టే ఏకకణ జీవి. అదే పిడుదు దాన్నీ ఎక్కిస్తుంది. మూత్రం కాఫీ రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం దాని గుర్తులు. ఎర్లీషియాకు ఇచ్చే మందు ఒక్కటే వాడితే బబేసియా తగ్గదు, దానికి వేరే సూదిమందులున్నాయి.

జ్వరం తగ్గాలని మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ వేయకండి. మొదటి రెండింటి వల్ల, ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు పొట్టలో పుండు పడితే రక్తం ఆగదు.

9. ఇరవై ఎనిమిది రోజులు

ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున రోజూ 28 రోజులు ఇస్తారు. 20 కిలోల కుక్కకు రోజుకు 200 మి.గ్రా. ఒకేసారా, రెండు పూటలా అన్నది డాక్టరు చెబుతారు.

- ఖాళీ కడుపున వద్దు. అన్నం తిన్నాక వేయండి.
- మాత్ర తర్వాత సిరంజితో 5, 10 మి.లీ. నీళ్ళు బుగ్గ పక్కనుంచి పోయండి. మాత్ర గొంతులో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.
- పాలు, పెరుగులో కలిపి ఇవ్వకండి. మందు సరిగా ఒంటబట్టదు.
- పుస్తకంలో 28 గళ్ళు గీసి, వేసిన రోజు కొట్టేయండి.

రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తోక ఊపుతుంది, అన్నం గిన్నె నాకేస్తుంది. గంగ అలా తేరుకున్నప్పుడు మేము పదకొండో రోజుకే మందు ఆపేశాం. నెల తిరిగేసరికి మళ్ళీ జ్వరం, మళ్ళీ అదే నీరసం, ఈసారి తేరుకోవడానికి రెట్టింపు రోజులు పట్టింది. అది పడ్డ బాధ చూశాను కాబట్టి చెబుతున్నాను, 28 గళ్ళూ నిండాలి.

నాలుగు రోజులు వేసినా జ్వరం దిగకపోతే మోతాదు పెంచకండి. రెండో జబ్బు ఏదైనా ఉందేమోనని మళ్ళీ రక్తం చూపించండి.

ఆలస్యం లేకుండా, రాత్రయినా తీసుకెళ్ళవలసిన గుర్తులు:

- చిగుళ్ళు పూర్తిగా తెల్లబడటం
- ముక్కు రక్తం పది నిమిషాలకు ఆగకపోవడం
- తారులాంటి మలం, కాఫీ రంగు మూత్రం
- నిలబడలేక పడిపోవడం, ఊపిరి ఎగదోయడం

మందు మొదలైన వారానికి ఒకసారి, ముగిశాక ఒకసారి ప్లేట్‌లెట్లు లెక్క పెట్టించండి. పట్టీ మీద రక్తపు చుక్క వేసి చేసే పరీక్ష, జబ్బు తగ్గాక కూడా నెలలపాటు పాజిటివ్ చూపుతుంది. అది కనిపెట్టేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒళ్ళు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. ఆ గీత చూసి మళ్ళీ మందు మొదలుపెట్టకండి. ఈ జ్వరం ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకు కొత్త పిడుదు కరిస్తే మళ్ళీ రావచ్చు, దీనికి టీకా లేదు. అందుకే 28వ గడి కొట్టేసిన రోజునే, దాని కింది వరుసలో తర్వాతి పిడుదు మందు తేదీ, గోడలకు తర్వాతి పిచికారీ తేదీ, తర్వాతి నట్టల మాత్ర తేదీ రాసి పెట్టుకోండి.